‘మసూద’ మిమ్మల్ని భయపెట్టలేదు, మీ అమ్మగారిని భయపెట్టింది. ఎందుకు?

కావలి నుంచి వచ్చిన ప్రశ్న ఇది. ‘మసూద’ అనే దెయ్యం సినిమా చూసి ఒళ్ళు జలదరించిందని అందరూ అంటుంటే మీరు ఈ మధ్య ఫోనులో చూశారు. మొదటి గంట సాగదీసినట్టు అనిపించింది. చివర్లో రక్తం, కేకలు, ఒకటే గొడవ. భయం మాత్రం ఎక్కడా వేయలేదు. అదే సినిమాను ఇంట్లో టీవీలో చూసిన మీ అమ్మగారు మాత్రం ఆ రాత్రి హాల్లో లైటు ఆర్పనివ్వలేదు. లోపం సినిమాలో ఉందా, మీలో ఉందా, లేక అమ్మగారిది వట్టి చాదస్తమా అని అడిగారు. ‘విరూపాక్ష’, ‘కిష్కింధపురి’ దీనికంటే మెరుగా అని చివర్లో ఇంకో ప్రశ్న తగిలించారు.

నేను విమర్శకుణ్ణి కాను. నెల్లూరు సినిమా హాళ్ళలో ఆపరేటరుగా బతికినవాణ్ణి. ప్రొజెక్టరులో వెలుగు కోసం కార్బన్ కడ్డీలు వెలిగించిన రోజుల నుంచి, సర్వరులోకి సినిమా ఎక్కించి మీట నొక్కే ఈ రోజుల దాకా క్యాబిన్‌లోనే ఉన్నాను. హాల్లో అందరూ తెరను చూస్తారు. ఆపరేటరు గోడకున్న చిన్న అద్దం కిటికీలోంచి తెరనూ చూస్తాడు, జనం తలలనూ చూస్తాడు. దెయ్యం సినిమా ఆడేటప్పుడు నాకు తెరకంటే ఆ తలలే ముఖ్యం. ఎక్కడ అన్నీ ఒక్కసారిగా వెనక్కి జరుగుతాయి, ఎక్కడ పక్క తలల వైపు ఒరుగుతాయి, ఎక్కడ ఫోను వెలుగులు మిణుకుమంటాయి అని చూస్తుంటాను. ఫోను వెలిగిందంటే అక్కడ సినిమా పట్టు జారినట్టే. విమర్శకులు రాసింది తప్పు కావచ్చు గానీ ఆ వెలుగులు అబద్ధం చెప్పగా నేను చూడలేదు. ఆ అనుభవంతోనే జవాబు చెబుతాను.

అమ్మగారిది చాదస్తం కాదని మొదటే చెప్పేస్తున్నాను. ఆ సినిమా ఆవిడలాంటి వాళ్ళ గురించే తీశారు. మీ గురించి కాదు. అది వివరించే ముందు ఫోను సంగతి ఒకటి తేల్చాలి.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూశారో లేదో మీరు రాయలేదు. పెట్టుకోకపోతే మీరు విన్నది సగం సినిమానే. దెయ్యం సినిమాలో భయం చాలావరకు కింది స్వరాల్లో ఉంటుంది. ఫలానా చోటు నుంచి వస్తోందని చెప్పలేని ఒక గుయ్యిమనే మోత, గోడల్లోంచి వస్తున్నట్టు, కుర్చీ కింద నుంచి వస్తున్నట్టు ఉంటుంది. 5.1 సౌండు అంటారే, అందులో చివరి ఆ ఒకటి సబ్‌వూఫర్‌ది. 120 హెర్ట్జ్‌కు దిగువన ఉండే మోతల కోసం దాన్ని విడిగా పెట్టారు. వేలెడంత ఫోను స్పీకరులో ఆ మోతలు దాదాపు పలకవు. మీకు వినిపించేది మాటలు, కేకలు, తలుపు దబాలున పడిన చప్పుడు. ఆ చప్పుడుకు ముందు మనసును సిద్ధం చేసేదంతా స్పీకరు దగ్గరే ఆగిపోయింది.

హాల్లో చూసినవాళ్ళకు కూడా ఇది పూర్తిగా అందుతుందని అనుకోకండి. సౌండ్ ప్రాసెసరు మీద ఫేడరు అని ఒకటి ఉంటుంది. దాన్ని 7 అంకె దగ్గర పెడితే, సినిమాకు శబ్దాలు కలిపిన గదిలో ఇంజనీరు ఎంత స్థాయిలో విన్నాడో హాల్లో జనం అంతే వింటారు. శబ్దాలన్నీ ఆ లెక్కతోనే కలుపుతారు. కానీ మన ఊళ్ళలో 7 దగ్గర పెడితే, చెవులు పగిలిపోతున్నాయంటూ పది నిమిషాల్లో బాల్కనీ నుంచి ఎవరో ఒకరు లేచి వస్తారు. అయిదున్నరకో అయిదుకో దించుతాం. మామూలు సినిమాకు దానివల్ల పెద్ద నష్టం లేదు, ఫైటు కాస్త చప్పబడుతుంది, అంతే. దెయ్యం సినిమాకు మాత్రం ప్రాణం పోతుంది. ఫేడరు దించితే కేక ఒక్కటే తగ్గదు కదా. కేకకు ముందున్న నిశ్శబ్దంలో దాచిన చిన్న చప్పుళ్ళు, పక్క గదిలో ఎవరో ఊపిరి పీల్చినట్టు, వంటింట్లో గిన్నె ఒరిగినట్టు వినిపించేవన్నీ ఏసీ హోరులో కలిసిపోతాయి. చెవి రిక్కించి వినని మనిషికి తరువాత వచ్చే కేక వట్టి మోతే. సూళ్ళూరుపేటలో 2019లో వంద అడుగుల వెడల్పు తెరతో హాలు కట్టినప్పుడు మన జిల్లా మొత్తం మురిసిపోయింది. (ఆ ఊరు 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది, అది వేరే బాధ.) భారీ యుద్ధాల సినిమాకు అంత తెర కావాలి. దెయ్యానికి అంత తెర అక్కర్లేదు. దెయ్యానికి కావలసింది ఏసీ మోత లేని హాలు, నోరు మూసుకుని కూర్చునే జనం. ఈ రెండూ వంద అడుగుల తెరకంటే అరుదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఇన్నేళ్ళుగా దెయ్యం సినిమాలు ఆడిస్తుంటే జనం నోటి వెంట తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: ‘ఇల్లు ఖాళీ చేసి పోరాదా!’ నేల టిక్కెట్టు రోజుల్లో బిగ్గరగా అరిచేవారు, ఇప్పుడు పక్కవాళ్ళతో గొణుగుతారు. రాత్రిపూట గోడల్లోంచి ఏడుపు వినిపిస్తోంది, అద్దంలో ఎవరో కనబడుతున్నారు, అయినా ఆ కుటుంబం అదే బంగళాలో భోజనాలు చేస్తూ కూర్చుంటుంది. మరి జనం అడగరా? ఆ మాట హాల్లో వినబడిందంటే భయం అయిపోయినట్టే. చూసేవాడు తెర మీది మనిషి పక్కన కూర్చోవడం మానేసి, పైనుంచి సలహాలు చెప్పే పెద్దమనిషి అయిపోతాడు. సలహా చెప్పేవాడికి భయం ఎక్కడిది?

అందుకే నా లెక్కలో దెయ్యం సినిమా బలం దెయ్యంలో ఉండదు. అక్కడి నుంచి కదలలేని మనిషిలో ఉంటుంది. ఎందుకు కదలలేదన్న దానికి గట్టి కారణం దొరికిన సినిమా సగం గెలిచినట్టే. ‘మసూద’ ఆడినప్పుడు మొదటి భాగం మొత్తంలో ఆ గొణుగుడు నాకు వినబడలేదు. దెయ్యం ఇంట్లో ఉంటే ఇల్లు వదిలిపోవచ్చు. కన్నకూతురిలో ఉంటే ఎక్కడికి పోతారు?

2022 నవంబరు 18న వచ్చిన ఈ సినిమాకు సాయికిరణ్ దర్శకుడు. నిర్మాత రాహుల్ యాదవ్ నక్కా మనకు కొత్తవారు కాదు, 2019లో నెల్లూరు డిటెక్టివ్ కథ ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ తీసింది ఆయనే. కథ చూడండి ఎంత చిన్నదో. నీలం భర్త నుంచి విడిపోయి కూతురు నాజియాతో ఒక అపార్టుమెంటులో ఉంటుంది, బడిలో పాఠాలు చెబుతుంది. పక్క ఫ్లాటులో గోపీ అనే సాఫ్ట్‌వేర్ కుర్రవాడు, కాస్త పిరికివాడు. నాజియా ప్రవర్తన రాత్రిళ్ళు మారిపోవడం మొదలవుతుంది. అంతే. పాడుబడ్డ కోట లేదు, జమీందారు శాపం లేదు. నెల్లూరులో వేదాయపాళెం వైపు వెళ్ళినా, మాగుంట లేఅవుట్ వైపు వెళ్ళినా కనబడే అద్దె ఫ్లాటు లాంటిదే ఆ ఇల్లు.

నీలంగా సంగీత చేసిన పని గురించి ఇంకా ఎక్కువ మాట్లాడుకోవాల్సింది. ‘ఖడ్గం’ నాటి సంగీతను గుర్తు పెట్టుకున్నవాళ్ళకు ఈ సంగీత వేరే మనిషి. ఆమె ముఖంలో భయంకంటే ముందు అలసట కనబడుతుంది. తల్లికి రెండు భయాలు. ఒకటి కూతురికి ఏమవుతుందో అని. రెండోది కూతురి వల్ల తనకు ఏమవుతుందో అని. ఈ రెండోది బయటికి చెప్పుకోలేనిది. తన బిడ్డ గదిలోకి వెళ్ళడానికి తనే జంకడం ఏ తల్లికైనా సిగ్గుగా ఉంటుంది. ఆ సిగ్గును సంగీత దాచిపెడుతూనే మనకు కనబడేలా చేసింది. హాల్లో నేను గమనించింది చెబుతాను: మగపిల్లల గుంపులు ఒక్కసారిగా కనబడే బొమ్మలకు ఉలిక్కిపడ్డాయి. నడివయసు ఆడవాళ్ళు మాత్రం ఏమీ జరగని చోట, తల్లీకూతుళ్ళు ఇద్దరే ఇంట్లో ఉన్న చోట, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మీకు సాగదీసినట్టు అనిపించిన మొదటి గంట అదే. మీ అమ్మగారికి సినిమా మొత్తం అదే.

మన జిల్లా మనుషులకు ఇది మరీ దగ్గరగా తగలడానికి ఇంకో కారణం ఉంది. ఆత్మకూరు దగ్గర అనుమసముద్రంపేట, అదే మన ఏఎస్ పేట. అక్కడి ఖాజా నాయబ్ రసూల్ దర్గాకు గాలి సోకిందనో, చేతబడి జరిగిందనో, మతి చలించిందనో చెప్పి ఎక్కడెక్కడి నుంచో మనుషుల్ని తీసుకొస్తారు. వచ్చేవాళ్ళలో హిందువులూ ఉంటారు, ముస్లిములూ ఉంటారు. కొందరు రోజుల తరబడి అక్కడే ఉండిపోతారు. ఆత్మకూరు నుంచి వెళ్ళే బస్సులో ఒకసారి నా ముందు సీట్లో ఒక తల్లి, పద్దెనిమిది దాటని కూతురు కూర్చున్నారు. కూతురి చున్నీ కొసను ఆ తల్లి తన మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని ముడి వేసుకుంది. పిల్ల నిద్రపోతోంది. తల్లి కూడా కునుకుతోంది. పిల్ల కాస్త కదిలితే చాలు, ముడి బిగుసుకుని తల్లికి మెలకువ వస్తోంది. కండక్టరు టిక్కెట్టు ఇస్తూ ఆ ముడిని చూసి, ఏమీ అనకుండా చిల్లర ఆమె ఎడమ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ చెయ్యి ఖాళీగా ఉంది గనుక.

నెల్లూరులో, ఆత్మకూరులో, కావలిలో ‘మసూద’ చూసిన ఆడవాళ్ళలో ఇలాంటి ప్రయాణాన్ని తమ ఇంట్లోనో, పక్కింట్లోనో ఎరిగినవాళ్ళు తక్కువేమీ కాదు. వాళ్ళకు నీలం కథ కల్పితంగా కనబడదు. సినిమాలో పక్కింటి హిందువుల కుర్రవాడు ముస్లిం తల్లికి తోడుగా బాబా దగ్గరికి వెళ్ళడం కూడా మనకు వింత కాదు. మొహర్రం రోజుల్లో నెల్లూరు రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, పెళ్ళి రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె అని మార్చుకునేవాళ్ళలో ఎవరు ఏ మతమో ఎవరు అడుగుతారు? ఆ సంబంధాన్ని సినిమా ఉపన్యాసం లేకుండా, మామూలు విషయంలా చూపించింది. శుభలేఖ సుధాకర్ వేసిన బాబా పాత్ర కూడా అలాగే. మన సినిమా మాంత్రికుడంటే కళ్ళు ఉరిమి, నిమ్మకాయలు కోసి, తెర చిరిగేలా అరవాలి. ఈయన పనిమంతుడిలా నెమ్మదిగా మాట్లాడతాడు. నెమ్మదిగా మాట్లాడేవాడు ‘ఇది తేలికగా పోయేది కాదు’ అన్నట్టు చూస్తే అరిచేవాడికంటే ఎక్కువ భయం పుడుతుంది.

ఇక్కడ ఒక పక్కమాట తప్పదు, ఎందుకంటే ఈ జవాబు చదివేవాళ్ళలో నిజంగా ఇంట్లో ఇలాంటి పిల్ల ఉన్నవాళ్ళు ఉండవచ్చు. సినిమాలో దెయ్యం నిజం, టిక్కెట్టు కొన్నప్పుడే ఆ షరతుకు ఒప్పుకున్నాం. హాలు బయట అలా కాదు. ఇరవై ఏళ్ళ లోపు పిల్ల ఉన్నట్టుండి మారిపోయినా, గొంతులు వినబడుతున్నాయన్నా, నిద్ర లేకుండా తిరుగుతున్నా అది వైద్యం ఉన్న జబ్బు అయ్యే అవకాశమే ఎక్కువ. దర్గాకో గుడికో వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి, ఎవరూ కాదనరు. కానీ డాక్టరు దగ్గరికీ వెళ్ళండి. 14416కు ఫోను చేస్తే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. గొలుసులతో కట్టడం మాత్రం ఎక్కడైనా నేరమే, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాన్ని పూర్తిగా నిషేధించింది. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదలలేక కాలిపోయారు. ఏ దెయ్యం సినిమాలోనూ అంత ఘోరం నేను చూడలేదు.

సరే, సినిమాకు వద్దాం. మీరు చెప్పిన లోపాలన్నీ తప్పని అనను. మొదటి గంటలో గోపీకి, ఆఫీసు అమ్మాయికి మధ్య నడిచే ప్రేమ ముచ్చట నాకూ అడ్డం వచ్చింది. తిరువీర్ మంచి నటుడు, ‘పలాస 1978’లో అతన్ని చూసినవాళ్ళకు ఆ సంగతి తెలుసు. పిరికివాడు బలవంతాన ధైర్యం తెచ్చుకోవడం అతని ముఖంలో బాగా పలికింది. కానీ ఆ ప్రేమ సన్నివేశాలు వచ్చినప్పుడల్లా హాల్లో ఫోన్లు వెలిగాయి. నీలం ఇంట్లో తలుపు మూసి ఉంచి మనల్ని కాఫీ తాగడానికి బయటికి తీసుకుపోయినట్టుంది. ఆ నిమిషాలు కోసేసి ఉంటే మీరు సాగదీశారని రాసేవారు కాదేమో.

రెండో భాగంలో అసలు చిక్కు మొదలవుతుంది. మసూద ఎవరు, ఏం చేసింది, ఆమెను ఏం చేశారు అన్న పాత కథ విప్పుతారు. విప్పాలి, కాదనను, మన ప్రేక్షకుడు కారణం చెప్పకపోతే ఊరుకోడు. కానీ కారణం తెలిసిన క్షణం నుంచి భయం పనిగా మారుతుంది. ఫలానా చోటికి పోవాలి, ఫలానాది వెతకాలి, ఫలానా సమయానికి ముగించాలి. చేయడానికి పని దొరికిన మనిషికి భయం తగ్గుతుంది. తెర మీద గోపీకి తగ్గకపోయినా హాల్లో మనకు తగ్గుతుంది. అక్కడి నుంచి అది బిగువైన వెంటాట సినిమా. ఆ పద్ధతిలో బాగానే తీశారు, ప్రశాంత్ ఆర్. విహారి నేపథ్య సంగీతం చివరి వరకు పట్టు వదలదు. కత్తులూ రక్తమూ వచ్చేసరికి తల్లీకూతుళ్ళ కథ వెనక్కి జరిగిపోయింది. మీకు చివర్లో ‘గొడవ’ అనిపించింది అందుకే. ఆ మాట సరైనదే. రెండున్నర గంటలు దాటిన సినిమాలో ఒక ఇరవై నిమిషాలు బరువు ఎక్కువ.

ఇంకొకటి కూడా నాకు మింగుడుపడలేదు. నల్ల బురఖాను భయపెట్టే బొమ్మగా వాడారు. తెర మీద ఆ నలుపు పనిచేస్తుంది, ముఖం కనబడని ఆకారం ఎప్పుడూ పనిచేస్తుంది. కానీ మా హాలుకు ఆదివారం మ్యాటినీకి బురఖాల్లో కుటుంబాలు వస్తాయి. ఇంటర్వెల్‌లో వరండాలో వాళ్ళను చూసి ఇద్దరు కుర్రాళ్ళు ఉత్తుత్తిగా ఉలిక్కిపడి నవ్వుకున్నారు. ఆ ఆడవాళ్ళు విననట్టు పక్కకు తిరిగి పిల్లలకు పాప్‌కార్న్ కొనిపెట్టారు. నీలం, నాజియాలను అంత మామూలు మనుషులుగా, మన ఇంటివాళ్ళలా చూపించిన దర్శకుడే ఈ బొమ్మ కోసం తేలిక దారి పట్టడం నాకు బాధ కలిగించింది. ఇందుకు నాతో ఒప్పుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు, మా క్యాబిన్‌లోనే ఉన్నారు.

మీ వయసు వాళ్ళకు భయం సరిగ్గా పట్టకపోవడానికి ఇంకో కారణం, మీరు పెరిగిన సినిమాలు. 2013లో ‘ప్రేమకథా చిత్రమ్’ ఆడిన దగ్గర నుంచి కొన్నేళ్ళపాటు తెలుగు దెయ్యానికి హాస్యనటుడి చెంపలు వాయించడమే ఉద్యోగం అయింది. ‘ఆనందో బ్రహ్మ’కు వచ్చేసరికి దెయ్యాలే మనుషులకు భయపడ్డాయి. అవి బాగా నవ్వించాయి, హాళ్ళకు డబ్బు తెచ్చాయి, నాకు జీతం ఇచ్చాయి, నిందించను. కానీ తలుపు కిర్రుమంటే నవ్వు వస్తుందేమోనని ఎదురుచూడటం ఒక తరానికి అలవాటైపోయింది. మీ అమ్మగారి తరం అలా కాదు. వాళ్ళు 1992లో ‘రాత్రి’ చూసినవాళ్ళు. అందులో రేవతి మీద ఆవహించిన దాన్ని చూపించినదానికంటే దాచినదే ఎక్కువ. కనిపించని దాని చూపులా కెమెరా ఇంటి చుట్టూ తిరిగేది, మణిశర్మ వాద్యాలు దాని వెంట నడిచేవి. ఆ సినిమా సెకండ్ షోకి ఇంటర్వెల్ ఇస్తే మగవాళ్ళు మూత్రశాలకు జంటలు జంటలుగా వెళ్ళారు. నవ్వు రాదా మరి. అయినా ఒక్కడూ ఒంటరిగా వెళ్ళలేదు.

‘విరూపాక్ష’ సంగతి. 2023 ఏప్రిల్ 21న వచ్చింది, కార్తీక్ వర్మ దండు తీశాడు, సుకుమార్ స్క్రీన్‌ప్లే. పైన నేను చెప్పిన కొలతతో చూస్తే ఇది చాలా తెలివైన సినిమా. రుద్రవనం అనే ఊరికి అష్టదిగ్బంధనం వేస్తారు: లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. ‘పోరాదా’ అని జనం అడగడానికి వీల్లేకుండా కథే తలుపు గడియ పెట్టింది. అజనీష్ లోక్‌నాథ్ సంగీతం హాల్లో వినాల్సిందే. చావులు వరసగా పడుతున్నంతసేపు తలలు కదలలేదు. చిక్కుముడి విప్పే చోట మాటలు ఎక్కువయ్యాయి, దోషి ఎవరో తేలాక మిగిలినదంతా లెక్క సరిచూడటం. అయినా ‘మసూద’కూ దీనికీ తేడా ఏమిటంటే, ఇందులో భయం ఊరిది. ఊరి భయాన్ని పదిమందితో కలిసి చూస్తే రెట్టింపవుతుంది, ఒంటరిగా చూస్తే పలచబడుతుంది. ‘మసూద’ భయం ఇంటిది. దాన్ని ఇంట్లో చూసినా నష్టం లేదు, మీ అమ్మగారే సాక్ష్యం.

‘కిష్కింధపురి’ 2025 సెప్టెంబరులో వచ్చింది. దెయ్యాలు తిరుగుతాయనే చోట్లకు సరదా కోసం జనాన్ని తీసుకెళ్ళే జంట, పాడుబడిన సువర్ణమాయ రేడియో స్టేషను, అందులోంచి పలికే గొంతు. ఆలోచన బాగుంది. రేడియోలో మాట్లాడేవాడి ముఖం కనబడదు, అవతల ఎంతమంది వింటున్నారో అతనికీ తెలియదు. సౌండు మీద శ్రద్ధ పెట్టి చేశారు. కానీ ఏరికోరి దెయ్యం ఉన్న చోటికి వెళ్ళినవాళ్ళ మీద జాలి పుట్టడానికి సమయం పడుతుంది. హాల్లో కుర్రాళ్ళు, ‘ఎవరు వెళ్ళమన్నారు?’ అని ఒక్క మాటలో తేల్చేశారు. అది ‘ఇల్లు ఖాళీ చేసి పోరాదా’కు తమ్ముడు. ఆ గొంతు వాళ్ళ వెంటపడి ఇళ్ళ దాకా వచ్చాక గానీ సినిమా చెయ్యి బిగియలేదు.

మూడింటిలో ఏది మెరుగని అడిగారు గనుక చెబుతున్నాను. హాలు సినిమాగా ‘విరూపాక్ష’, మిగతా అన్నిటికీ ‘మసూద’ మొదటి భాగం. మొత్తం సినిమా అనడం లేదు, ఇంటర్వెల్ దాకా అంటున్నాను. ‘కిష్కింధపురి’ ఒకసారి చూడవచ్చు, చెవులకు మంచి హెడ్‌ఫోన్లు ఉంటే.

‘మసూద’ను మళ్ళీ చూడాలనిపిస్తే రాత్రి భోజనాలయ్యాక టీవీలో పెట్టండి. ఫ్యాను శబ్దం చేసేదైతే ఆపండి, టీవీకి వేరే స్పీకర్లు ఉంటే కలపండి, వాల్యూము ఒకసారి పెట్టాక మార్చకండి. కేకలకు తగ్గించి మాటలకు పెంచుతూ కూర్చుంటే ఇంజనీరు కలిపిన లెక్కంతా చెడిపోతుంది. ప్రేమ సన్నివేశాలు వస్తే ముందుకు జరపండి, నేను ఏమీ అనుకోను. గోపీని వదిలేసి నీలం ముఖం చూడండి. అమ్మగారిని మళ్ళీ కూర్చోబెట్టి పరీక్ష పెట్టకండి. ఆవిడ ఎక్కడ భయపడిందో మామూలుగా ఒకసారి అడగండి. దెయ్యం కనబడిన చోటు చెబుతుందా, తల్లి ఒక్కతే నిలబడిన చోటు చెబుతుందా అన్నది నాకు రాయండి.